కణుపు నేలకి తగలాలి: ఒక బొక్కెనాకు ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ఇంటి పక్కన నడిచే దారికీ ప్రహరీ గోడకీ మధ్య 14 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున ఒక నేల ముక్క ఉంది. గోడ వైపు ఎత్తు, దారి వైపు పల్లం. రెంటికీ తేడా ముప్పాతిక అడుగు. పెద్ద వాన పడిందంటే అక్కడి మట్టి దారి మీదికి దిగుతుంది. నేను చీపురూ పారా పట్టుకుని దాన్ని మళ్ళీ పైకెక్కిస్తాను. మళ్ళీ వాన, మళ్ళీ చీపురు. రెండుసార్లు పచ్చిక వేశాను. మొదటిసారి వేసవిలో మాడింది, రెండోసారి తుంగ మింగేసింది.

ఈసారి పచ్చిక వద్దనుకున్నాను. నేలని అంటుకుని పాకేది, పూసేది, ఒకసారి కుదురుకున్నాక రోజూ నీళ్ళు అడగనిది కావాలి. అప్పుడప్పుడు గోడ దగ్గర కుళాయి తిప్పడానికి వెళ్ళాలి కాబట్టి కాలు పడినా చావకూడదు.

నాచుపూలు మొదట గుర్తొచ్చాయి. ఎండ ఉన్నంతసేపు అంత రంగు ఇంకే మొక్కా ఇవ్వదు. కానీ నీటితో నిండిన ఆ కాడలు కాలి కింద పుటుక్కున విరుగుతాయి, మధ్యాహ్నం దాటితే పువ్వు ముడుచుకుంటుంది. విష్ణుక్రాంతం నీలం నాకు చాలా ఇష్టం గానీ అది మట్టిని పట్టుకునేంత దట్టంగా అల్లుకోదు. పాకే థైమ్ అనే సువాసన మొక్క చల్లటి, పొడి గాలి ఉన్నచోట బాగుంటుంది. వేడీ ఉక్కా కలిసిన చోట మధ్యలోంచి కుళ్ళిపోతుంది. పసుప్పచ్చ పూల వెడేలియా ఎక్కడ పడేసినా బతుకుతుంది, అదే దాంతో వచ్చిన పేచీ. ప్రపంచంలోకెల్లా చెడ్డ 100 దురాక్రమణ జాతుల జాబితాలో దాని పేరుంది. పింటో వేరుశనగ చివరిదాకా పోటీలో నిలబడింది. పసుపు పూలు, పైగా నేలకి నత్రజని ఇచ్చే జాతి. కానీ దాని ముక్కలు నాకు దొరకలేదు.

దొరికింది బొక్కెనాకు. స్నేహితురాలి పెరట్లో కుళాయి కింద మూరెడు మేర పరుచుకుని ఉంది. అగ్గిపుల్ల తలకాయంత పూలు, చుట్టూ తేనెటీగలు. అమ్మకి ఫొటో చూపిస్తే ముఖం చిట్లించింది.

"బొక్కెనాకేగా ఇది? పొలం గట్ల మీద, చెరువు కట్ట కింద మేకలు తొక్కేది. దీన్ని నువ్వు కావాలని నాటడమేంటే!"

మేకలు తొక్కినా బతికేదే నాకు కావాలమ్మా అన్నాను. నూతిలో వేసే బొక్కెనకీ ఈ ఆకుకీ ఒకే పేరు ఎందుకొచ్చిందని కూడా అడిగాను. "నాకేం తెలుసు, తోడి చూడు" అంది.

4వ రోజు

తవ్వకం మొదలు. ఈ ప్రాజెక్టులో నడుం విరిగే పని ఇదే. పూల మొక్క గురించి డైరీ అని చెప్పి తుంగ గురించి ఇంత రాయడం అన్యాయమే గానీ, మూడు రోజులుగా నేను చూస్తున్నది దాన్నే.

తుంగని పైన పట్టుకుని లాగితే ఆకుల కట్ట చేతికొస్తుంది. గడ్డ లోపలే ఉంటుంది. ఆ గడ్డ కూడా ఒంటరిది కాదు. సన్నటి వేరుతీగ మీద పూసల దండలా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందున్న మొలక బతికి ఉన్నంతకాలం వెనక గడ్డలు చాలావరకు నిద్రలోనే ఉంటాయి. మనం ఆ మొలకని తెంపితే, దండ తెగితే, వెనకవన్నీ లేస్తాయి. పచ్చిక వేసిన ఏడాదంతా ప్రతి ఆదివారం కూర్చుని నేను శ్రద్ధగా చేసిన పని ఇదే: తుంగని నిద్ర లేపడం.

ఈసారి లాగలేదు. బొరిగెతో చుట్టూ తవ్వి, మట్టిపెళ్ళతో సహా ఎత్తి, చేత్తో చిదిపి గడ్డలు ఏరాను. జానెడు లోతు వరకు వెళ్ళాను. అరబకెట్ గడ్డలు వచ్చాయి. కంపోస్టులో వేయలేదు, అక్కడ హాయిగా మొలుస్తాయి. ఎండలో సిమెంటు గచ్చు మీద పరిచాను, కరకరలాడేదాకా అక్కడే ఉంటాయి.

అదే రోజు నీరు ఎలా ఇంకుతుందో చూశాను. అడుగు లోతు గుంట తీసి, ఒకసారి నింపి ఇంకనిచ్చి, మళ్ళీ నింపి గడియారం చూశాను. గంటకి అంగుళం కన్నా కాస్త ఎక్కువే దిగింది. చాలు.

9వ రోజు

ఏరిన తర్వాత కూడా లోపల విత్తనాలుంటాయి, ముక్కలుంటాయి. ఎండలు మండిపోతున్నాయి కదా, వాటి చేత కూడా పని చేయిద్దామని నేలని సోలరైజేషన్‌కి, అంటే ఎండ వేడితో మట్టిలోని విత్తనాల్ని చంపడానికి, పెట్టాను. మట్టిని చదును చేసి, తడిగా అయ్యేదాకా నీళ్ళు పట్టి, పైన పారదర్శకమైన పల్చటి పాలిథిన్ షీటు పరిచి, అంచులన్నీ మట్టిలో పాతేశాను.

నల్ల షీటు కాదు. నల్లది ఎండని తానే తాగి తానే వేడెక్కుతుంది. పారదర్శకమైనదైతే ఎండని లోపలికి వదిలి, వేడిని బయటికి పోనివ్వదు. మట్టి తడిగా ఎందుకంటే, తడి మట్టిలో వేడి లోతుకి దిగుతుంది, నానిన విత్తనం ఎండు విత్తనం కన్నా త్వరగా ఉడికిపోతుంది. షీటు నేలకి అంటుకుని ఉండాలి. మధ్యలో గాలి బుడగలుంటే వేడి అక్కడే ఆగిపోతుంది.

ఆరు వారాలు అలా వదిలేయాలి. దారిన పోయేవాళ్ళు ఏం పాతిపెట్టారని అడుగుతున్నారు.

26వ రోజు

నేల ఉడుకుతూ ఉండగా మొక్కలు తయారు చేసుకోవాలి. స్నేహితురాలి పెరటి నుంచి ఒక సంచీడు తీగలు తెచ్చాను. ఆమెకి ఏమీ లోటు రాలేదు. "వారంలో మళ్ళీ నిండుతుంది, ఇంకా తీసుకెళ్ళు" అంది. అప్పుడు నాకు సంతోషమేసింది. ఆ మాటలో హెచ్చరిక కూడా ఉందని ఇంటికొచ్చాక తట్టింది.

తీగని కాస్త దగ్గరగా చూశాను. నాలుగైదు సెంటీమీటర్లకి ఒక కణుపు. ప్రతి కణుపు దగ్గరా ఎదురెదురుగా రెండు ఆకులు, ఆకు పై సగానికి మాత్రమే రంపపు పళ్ళు. పువ్వు కాడ వచ్చేది అక్కడే, వేరు దిగేదీ అక్కడే. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనికి వెర్బీనా నోడిఫ్లోరా అని పేరు పెట్టాడు. తర్వాత కొంతకాలం లిపియా అన్నారు. 1899లో గ్రీన్ అనే వృక్షశాస్త్రవేత్త ఫైలా నోడిఫ్లోరా అన్నాడు, ఇప్పుడు చెలామణిలో ఉన్నది అదే. ఇంటిపేరు రెండుసార్లు మారింది, అసలు పేరు మారలేదు. నోడిఫ్లోరా అంటే కణుపుల దగ్గర పూసేది. ఆ మొక్కని చూసిన ఎవరి కంటికైనా ముందు ఆనేది కణుపే అన్నమాట.

ఒక్కో ముక్కకి నాలుగు కణుపులుండేలా కత్తిరించాను. కింది రెండు కణుపుల ఆకులు గిల్లేసి, ఆ రెండింటినీ ఇసుకా కోకోపీటూ (కొబ్బరి పొట్టు) సగం సగం కలిపిన ట్రేల్లో పాతాను. పై రెండు బయట. పూల మొగ్గలున్నవాటికి మొగ్గలు తుంచేశాను. వేరు పెట్టాల్సినప్పుడు పువ్వు మీద ఖర్చు పెట్టకూడదు. మొత్తం 72 ముక్కలు. మామిడి చెట్టు నీడలో పెట్టి రోజుకి రెండుసార్లు నీళ్ళు చిలకరిస్తున్నాను.

37వ రోజు

ఆగలేక ఒక ముక్కని లాగి చూశాను. చెయ్యకూడదని తెలుసు. తెల్లటి వేళ్ళు, చిటికెన వేలి గోరంత. మళ్ళీ పెట్టేశాను, అది కూడా బతికింది. పాలిథిన్ కింద రెండు చోట్ల పాలిపోయిన తుంగ మొలకలు షీటుని పొడుస్తూ కనిపించాయి. సోలరైజేషన్ పైపొరలో గింజల్ని చంపుతుంది గానీ లోతుగా ఉన్న తుంగగడ్డని పూర్తిగా చంపలేదు. ఆ రెండు చోట్లా గుర్తు పెట్టుకున్నాను.

51వ రోజు

షీటు తీశాను. కింద మట్టి మెత్తగా, పొడిపొడిగా, ఒక్క పచ్చటి చుక్క లేకుండా ఉంది. గుర్తు పెట్టుకున్న రెండు చోట్ల మాత్రం తవ్వి గడ్డలు తీశాను. మిగతాది తవ్వలేదు. ఇప్పుడు గునపం దించితే కింద వేడి తగలని విత్తనాలన్నీ పైకొస్తాయి, ఆరు వారాల పని వృథా. బాగా చివికిన పశువుల ఎరువు అంగుళం మందాన పైపైన చల్లి, పళ్ళకొయ్యతో గీరి వదిలేశాను.

నేల మీద కలుపు రాకుండా గుడ్డ పరిచి, దానికి కన్నాలు చేసి నాటమని ఒకరు సలహా ఇచ్చారు. ఆ గుడ్డ గులాబీకి పనికొస్తుందేమో. పాకుతూ పాకుతూ ప్రతి కణుపు దగ్గరా వేరు దించాలని చూసే మొక్కకి మధ్యలో గుడ్డ అడ్డం పెట్టడమంటే, ఈదేవాణ్ణి గచ్చు మీద దింపడం లాంటిది.

53వ రోజు

నాటాను. 72 ముక్కల్లో 61 వేరు పట్టాయి. అడుగుకి ఒకటి చొప్పున, పక్క వరసలోవి మధ్య ఖాళీల్లోకి వచ్చేలా అటూ ఇటూ జరిపి నాటితే 52 పట్టాయి. వాలు నేల మీద ఈ ఎడనాటు చాలా అవసరం. వరసలు తిన్నగా పెడితే వాటి మధ్య నిలువు దారులు ఏర్పడి నీళ్ళు అందులోంచే జారిపోతాయి. మిగిలిన తొమ్మిది ట్రేలోనే ఉంచాను.

సాయంత్రం, ఎండ తగ్గాక నాటాను. ప్రతి మొక్కకీ గోడ వైపు కాస్త ఎత్తుగా, పల్లం వైపు చిన్న గట్టుగా చేసి, నీరు నిలిచేలా పళ్ళెం లాంటి గుంట పెట్టాను. ఇరవై సెంటీమీటర్లు సాగిన తీగ ఏదైనా ఉంటే దాన్ని నిలబెట్టకుండా అడ్డంగా పడుకోబెట్టి, మధ్య కణుపు మీద గుప్పెడు మట్టి వేశాను.

మొదటి రెండు వారాలు రోజూ నీళ్ళు. తర్వాత తగ్గించాలి.

60వ రోజు

ఏడు చచ్చిపోయాయి. ఏడూ పై వరసలోవే, గోడ పక్కవే. రెండు రోజులు కారణం తెలియలేదు. మూడో రోజు మధ్యాహ్నం వెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టి చూశాను, చురుక్కుమంది. పడమటి ఎండ గోడకి కొట్టి ఆ వేడి కింద మొక్కల మీద పడుతోంది. పైగా వాలు కదా, పోసిన నీళ్ళు పై వరస దగ్గర ఆగకుండా కిందికి దిగిపోతున్నాయి. కింది వరసలు తడిగా ఉన్నాయని పై వరస కూడా తడిగానే ఉందనుకున్నాను.

ట్రేలో మిగిలిన తొమ్మిదిలో ఏడింటిని అక్కడ పెట్టాను, ఈసారి గోడకి బెత్తెడు ఎడంగా జరిపి. పాత దోమతెర ముక్కని కర్రల మీద కట్టి పది రోజులు నీడ ఇచ్చాను. నీళ్ళు ఇప్పుడు పైనుంచే మొదలుపెట్టి, ఒకసారి మొత్తం పోసి, పావుగంట ఆగి మళ్ళీ పోస్తున్నాను. మొదటిది దారి చేస్తుంది, రెండోది ఇంకుతుంది.

74వ రోజు

ఇవాళ బయటపడ్డ పొరపాటు పూర్తిగా నాదే. కలుపు రాకుండా మొక్కల మధ్య ఖాళీల్లో కొబ్బరి పీచు పెద్ద ముక్కలు రెండంగుళాల మందాన పరిచాను, నాటిన రెండో రోజునే. చూడటానికి ముచ్చటగా ఉంది. కలుపు కూడా రాలేదు.

కానీ బొక్కెనాకు కూడా రావడం లేదు. అంటే తీగలు వస్తున్నాయి. ఆ పీచు ముక్కల మీద పాకుతున్నాయి. ఒక తీగని ఎత్తి తిరగేసి చూస్తే ప్రతి కణుపు కిందా గోధుమరంగులోకి మారిన చిన్న మొటిమలు. వేరు దించాలని ప్రయత్నించి, కింద తడి తగలక, ఎండి ఆగిపోయినవి. మూడు వారాలుగా ఈ మొక్కలు తల్లి వేరు ఒక్కదాని మీదే ఆధారపడి బతుకుతున్నాయి. అందుకే ఏ మధ్యాహ్నమైనా వాడిపోతున్నాయి, నేనేమో నీళ్ళు చాలట్లేదని ఇంకా పోస్తున్నాను.

పీచంతా ఎత్తేశాను, చేత్తో, తీగలు తెగకుండా, రెండు సాయంత్రాలు. దాని బదులు జల్లించిన కంపోస్టు వేలి గోరంత మందాన పరిచాను. పొడుగు తీగలని నేలకి ఆనించి, జడపిన్నులా వంచిన ఇనుపతీగతో కణుపుల పక్కన గుచ్చాను. నలభై పిన్నులు చేశాక వేళ్ళు బొబ్బలెక్కాయి.

ఈ మొక్క విషయంలో నాకు అర్థమైంది ఒక్కటే: దానికి నీళ్ళ కన్నా ముందు కావాల్సింది నేల. కణుపు తడి మట్టికి తగిలితే అది కొత్త మొక్క. తగలకపోతే ఉత్త తీగ, పాత మొక్క మీద బరువు.

81వ రోజు

పిన్నులు పెట్టిన వారానికే కణుపులు వేరు పట్టాయి. పరీక్ష ఏంటంటే, తీగని మెల్లగా పైకి లాగితే నేల వెనక్కి లాగుతుంది. ఒక తీగకి ఎర్ర దారం కట్టాను, పొడవు 22 సెంటీమీటర్లు అని రాసుకున్నాను.

ఇంకో తప్పు కూడా ఒప్పుకోవాలి. 66వ రోజున, మొక్కలు ఎదగట్లేదన్న కంగారులో యూరియా నీళ్ళలో కలిపి పోశాను. ఎదగకపోవడానికి అసలు కారణం పీచు అని అప్పటికి తెలియదు. ఇప్పుడు ఆకులు పెద్దవై, లేతగా, కణుపుల మధ్య దూరం ఎక్కువై, తీగలు సన్నగా సాగుతున్నాయి. నేలని కప్పడానికి వచ్చిన మొక్కకి కణుపులు దగ్గరదగ్గరగా ఉండాలి. నేను వాటిని దూరం చేశాను. ఒక్క మొగ్గ కూడా లేదు. ఇక ఎరువు మాట ఎత్తను.

93వ రోజు

రాత్రంతా కుండపోత. పొద్దున్నే లేచి ముందు దారి మీదికే వెళ్ళాను.

పై నుంచి మూడు వంతుల వరకు మట్టి కదల్లేదు. నీళ్ళు ఆకుల మీద నుంచి జారి, తీగల మధ్య చిక్కి, మెల్లగా దిగినట్టుంది. దారి పక్కన చివరి అడుగు మాత్రం కొట్టుకుపోయింది, ఎందుకంటే అక్కడ తీగలు ఇంకా అల్లుకోలేదు. మూడు మొక్కలు వేళ్ళు బయటపడి వేలాడుతున్నాయి. మట్టి తెచ్చి కప్పాను. చివరన, దారి అంచు వెంట, ఇటుకలు సగం పాతి ఒక వరస పెట్టాను. ఇది మొదటే చేయాల్సింది. మొక్క మట్టిని పట్టుకునేదాకా మట్టిని పట్టుకునేది ఇంకేదో ఉండాలి కదా.

పల్లంలో నీళ్ళు ఒకటిన్నర రోజు నిలిచాయి. పచ్చిక అయితే పసుపెక్కేది. వీటికి ఏమీ కాలేదు. చెరువు గట్టు మీద పుట్టినదానికి ఇదొక లెక్కా, అంది అమ్మ, తనే పెంచినట్టు.

104వ రోజు

మొదటి పువ్వు.

నిజానికి పువ్వు కాదు, పూల గుంపు. కణుపు దగ్గర నుంచి సన్నటి కాడ బొటనవేలంత లేచింది. దాని చివర ముదురు ఊదారంగు గుండు. ఆ గుండు చుట్టూ కిందనుంచి మొదలుపెట్టి ఒక వరస చిన్న చిన్న తెల్లపూలు, తలకి కట్టిన పూలచెండులా. రేపు ఆ వరస రాలిపోతే దాని పైవరస పూస్తుంది. అలా పైకి పోతూ గుండు కాస్తా పొడుగవుతుంది. పువ్వు పాతబడితే గులాబీ జీర వస్తుంది. ఒక్కో పువ్వు ఆవగింజ కన్నా కాస్త పెద్దది, అంతే. నిలబడి చూస్తే ఏమీ కనపడదు. బోర్లా పడుకుని చూడాలి. చూశాను, పక్కింటివాళ్ళు పలకరించి బాగానే ఉన్నారా అని అడిగారు.

ఎర్ర దారం తీగ ఇప్పుడు 61 సెంటీమీటర్లు. 11 కణుపుల్లో ఆరు వేరు పట్టాయి. పాతిన పిన్ను లేకుండా తనంతట తాను పట్టినవి రెండు.

119వ రోజు

ఆకులకి చిల్లులు. కొన్ని చోట్ల ఈనెలే మిగిలాయి. వెతికితే నల్లటి గొంగళిపురుగులు, ఒంటినిండా కొమ్మలు కొమ్మలుగా ముళ్ళు. పక్కింటి బాబాయ్‌గారు వెంటనే మందు డబ్బా తెచ్చారు.

"ఇవాళ వదిలేస్తే రేపటికి కాడలు కూడా మిగలవమ్మా."

ఒక్క రెండు రోజులు ఆగుదాం బాబాయ్‌గారూ అన్నాను. ఇవి ప్యాన్సీ సీతాకోకచిలుకల పిల్లలని నా అనుమానం. రెక్కల మీద కళ్ళలాంటి చుక్కలుంటాయే, అవి. ఆ జాతిలో కొన్ని గుడ్లు పెట్టడానికి బొక్కెనాకుని వెతుక్కుంటూ వస్తాయి. తేనె కోసం వచ్చే సీతాకోకచిలుక అతిథి. గుడ్లు పెట్టడానికి వచ్చినదైతే ఇంటిమనిషే. మందు కొడితే పూల మీదున్న తేనెటీగలకీ పడుతుంది, అది నాకు ఇష్టం లేదు.

పన్నెండు రోజుల్లో పురుగులు కనపడకుండా పోయాయి. కొన్నింటిని పిట్టలు తిన్నాయి. మిగిలినవి ఎక్కడికో పాకిపోయి ఉంటాయి. తిన్న చోటల్లా, ఆకు పోయిన కణుపు నుంచి రెండేసి కొత్త చిగుళ్ళు వచ్చాయి. నేను చేతులారా చేయాల్సిన కత్తిరింపు అవి చేసిపెట్టాయన్నమాట. బాబాయ్‌గారికి చూపిస్తే, సరేలే, అన్నారు.

140వ రోజు

పురుగులు తినని చోట తీగలు ఒకదాని మీద ఒకటి ఎక్కి జానెడు ఎత్తు లేచాయి. పైనున్నవాటికి నేల అందదు, కిందున్నవాటికి వెలుతురు అందదు. మళ్ళీ అదే సమస్య, ఈసారి పీచు బదులు తీగలే అడ్డం. పెద్ద కత్తెరతో రెండంగుళాల ఎత్తుకి కోసేశాను. మొదటి మూడు రోజులు తల గొరిగినట్టుంది. పదో రోజుకి పాత తీగల కణుపుల నుంచే చిగుళ్ళు వచ్చి చాపలా తయారైంది.

కోసిన ముక్కలని అక్కడే వదిలేయలేదు. ప్రతి ముక్కా ఒక మొక్కే కాబట్టి ఏరి ఎండబెట్టాను. కొన్ని ఖాళీల్లోకి పనికొచ్చాయి.

కుళాయికి వెళ్ళే దారిలో మూడు పలకరాళ్ళు వేశాను. మొక్క తొక్కుడికి ఆగుతుంది, తేనెటీగ ఆగదు. చెప్పుల్లేకుండా నడిచి ఒకసారి కుట్టించుకున్నాక ఈ జ్ఞానం వచ్చింది. ఆ రాళ్ళ చుట్టూ మాత్రం పూలు రాకుండా తరచూ కోస్తున్నాను.

163వ రోజు

పారిపోవడం మొదలైంది. దారి గచ్చులో ఒక పగులుంది. ఇటుకల మీద నుంచి దాటి ఒక తీగ ఆ పగులు పట్టుకుని అవతలి వైపు కరివేపాకు మొదట్లో వేరు పెట్టింది. నేను చూసేసరికి అక్కడ చెయ్యంత మేర పరుచుకుంది. స్నేహితురాలు సంచీ నింపుతూ అన్న మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది.

ఇది చిన్న విషయం కాదు. దీని దగ్గరి చుట్టం ఒకటి, దక్షిణ అమెరికాది, ఫైలా కెనెసెన్స్ అంటారు, ఆస్ట్రేలియాలో ముర్రే-డార్లింగ్ నదుల వరద మైదానాల్లోకి చేరి పశువుల గడ్డి భూముల్ని ఆక్రమించింది. వరద తీగ ముక్కల్ని తెంపుకుని పోతుంది, అవి దిగిన చోటల్లా వేరు పెడతాయి. నేను పెంచుతున్నదానికీ అదే ఒడుపు. కాలువ పక్కనో, ఏటి ఒడ్డునో పెరడు ఉన్నవాళ్ళు దీన్ని నాటేముందు ఆలోచించాలి. కోసిన ముక్కలు నీటిపాలు కాకూడదు.

ఇప్పుడు పదిహేను రోజులకోసారి అంచు వెంట పారతో గీత గీస్తున్నాను. గీత దాటిన తీగని వేరుతో సహా ఎత్తడం, అంతే. పావుగంట పని. మట్టి ఎత్తిపోసే రోజుల్లో దీనికి నాలుగింతలు పట్టేది.

182వ రోజు

పెద్దగా ఏమీ లేదు. వానలు ఆగాయి. నీళ్ళు వారానికి ఒకసారి, మట్టిలో వేలు రెండు కణుపుల లోతు దించి చూసి, పొడిగా ఉంటేనే. నా వేలికి కూడా కణుపులే అంటామని ఇవాళే గమనించాను.

201వ రోజు

రాత్రిళ్ళు చల్లబడ్డాయి. ఎండ బాగా పడే పై భాగంలో ఆకులకి రాగి, ఊదా కలిసిన రంగు వచ్చింది. జబ్బేమో అనుకుని ఆకులు తిప్పి తిప్పి చూశాను. ఏమీ లేదు, చలికీ నీటి ఎద్దడికీ దీని రంగు అలా మారుతుంది. పూలు తగ్గాయి, అయినా మధ్యాహ్నం వేళ ఐదారు తేనెటీగలు ఎప్పుడూ ఉంటున్నాయి.

లెక్క చూస్తే 56 చదరపు అడుగుల్లో దాదాపు 48 పూర్తిగా కప్పింది. మిగిలిన ఎనిమిది ఒకే చోట, మామిడి కొమ్మ కింద. అక్కడ రోజుకి మూడు గంటల ఎండ కూడా పడదు. తీగలు అక్కడికి వెళ్తాయి, సన్నగా సాగుతాయి, పూయవు, వెలుతురు వైపు తిరిగి బయటికి వచ్చేస్తాయి. రెండుసార్లు పిన్నులు పెట్టి చూశాను. మూడోసారి పెట్టను.

తుంగ పూర్తిగా పోలేదు. ఈ నెలలో నాలుగు మొలకలు చాపలోంచి పైకొచ్చాయి. నాలుగూ చుట్టూ తవ్వి గడ్డతో సహా తీశాను, తీసిన గుంటలో కోసిన ముక్కలు పెట్టి మట్టి నొక్కాను. నాలుగు గుంటలూ మూసుకుపోయాయి.

అమ్మ నిన్న ఫోను చేసి, మాటల మధ్యలో, తన గేటు పక్కన కూడా ఎప్పుడూ మట్టి కొట్టుకుపోతుందని చెప్పింది. ఎన్ని ముక్కలు కావాలమ్మా అంటే, "నేనడిగానా? ఊరికే చెప్తున్నా" అంది. ట్రేలో 24 పెట్టాను. మామిడి కొమ్మని కొట్టాలా, ఆ ఎనిమిది అడుగుల్లో నీడకి తట్టుకునేది ఇంకేదైనా పెట్టాలా అన్నది వచ్చే వారం తేలుస్తాను. కొమ్మ నిండా పూత ఉంది, కాబట్టి కొట్టనేమో.